దత్తమండలము - రాయలసీమ

ఒక సీమకు పేరు రెండు విధముల గలుగును. అందలి ప్రజలు పెట్టుకొనునది యొకటి. దానిని పుచ్చుకొన్నవాడు తన దస్తావేజులో వ్రాసికొనునది మఱియొకటి. నేటి రాయలసీమకు నూఱేండ్లకు పైగా ఈ రెండవ విధపు పేరే చెల్లినది.

టిప్పుసుల్తానుతో జరిగిన యుద్ధముల ఫలముగా 1792లోను 1799లోను తన పాలికి వచ్చిన భూములను హైదరాబాదు నిజాము 1800 అక్టోబరులో ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించెను. తన రాజ్యమున నిలిపిన కంపెనీ సైన్యపు వ్యయమునకై జరిగిన యొప్పగింత యిది. ఆంగ్లేయులు వీనిని 'సీడెడ్ జిల్లా'లనిరి. తెలుగున నదియే దత్తమండలమైనది. దత్తమనగా ఈయబడినది. ఇచ్చినవాని చేతికి ఆ భూములు వచ్చి పదేండ్లయిన గాలేదు. పుచ్చుకొన్నవాడు సముద్రము దాటి వచ్చిన వర్తకుడు. ఈయబడిన ప్రజల నడిగినవా రెవ్వరును లేరు.

కర్నూలు నవాబు సంస్థానమును కంపెనీ 1839లో కలుపుకొనెను. 1882లో బళ్లారి నుండి అనంతపురము జిల్లా చీలినది. జిల్లాలు మాఱెను గాని బిరుదు మాఱలేదు. అనంతపురపు కళాశాల సైతము ఆ పేరనే వెలసినది. విద్యార్థి తన కళాశాల పేరు చెప్పినప్పుడెల్ల తన దేశము చేతులు మాఱిన సంగతియే చెప్పవలసి వచ్చెను!

1928 నవంబరులో నంద్యాలయందు ఆంధ్రమహాసభ జరిగిన సందర్భమున ఈ కళంకము తొలగినది. 'రాయలసీమ' యను పేరు చిలుకూరి నారాయణరావుగారు సూచించిరందురు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి దనువారును గలరు. ఎవరిదైనను, ప్రజలు దానిని తమదిగా స్వీకరించిరి. హంపి, పెనుగొండ, చంద్రగిరులనుండి యేలిన రాయల స్మృతి అందున్నది. 1953లో బళ్లారి మైసూరులో చేరినది. దత్తభూమిలో చాలవఱకు లేని చిత్తూరు ఈ సీమలో నొకటియైనది. దానపత్రపు ఎల్లలు చెఱిగినవి. ప్రజల పేరు నిలిచినది.

పేరు మాఱినంతనే చెఱువులు నిండునా యని కొందఱడుగుదురు. నిండవు. కాని తన పేరు తానెఱిగిన జనమే తన పాలు తానడుగును. 1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో తుంగభద్రా, కృష్ణా, పెన్నా జలములయందు రాయలసీమకును నెల్లూరునకును ప్రాధాన్యము వ్రాయించుకొన్నది ఆ జనమే.

నేడు మరల పరులు పేర్లు పెట్టుచున్నారు. ఒకరు కరవుసీమ యందురు. చలనచిత్రములవారు కత్తుల సీమగా జూపుదురు. దత్తమనిపించుకొనుట కంగీకరింపని ప్రజలు వీనికి మాత్ర మేల తల యొగ్గవలయును? సోదరులారా! పేరు నిలుపుకొనుడు; ఆ పేరున వ్రాయించుకొన్న నీటిని అడుగుడు.