ఇద్దరు కోవాల్‌స్కీలు

అమెరికన్ మజిల్ కార్ల మీద ఏ వీడియో పెట్టినా, ఏ వ్యాసం తెరిచినా రెండో నిమిషంలోనే "స్వేచ్ఛ" అనే మాట ఎదురొస్తుంది. ఖాళీ రోడ్డు, వీ-ఎయిట్ ఇంజిన్ గర్జన, వెనక లేచిన దుమ్ము. ఆ తర్వాత ఒక నిట్టూర్పు: ఆ రోజులు పోయాయి, ప్రభుత్వమూ పర్యావరణవాదులూ కలిసి చంపేశారు అని. ఈ కథ వినీ వినీ విసుగొచ్చేసింది. ఇందులో సగం ప్రకటనలు రాసేవాళ్ళు అల్లింది, మిగతా సగం వేలంపాటల వాళ్ళు పెంచి పోషిస్తున్నది.

అసలు పుట్టుకే చూడండి. 1964 నాటికి జనరల్ మోటార్స్‌లో ఒక నియమం ఉండేది. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదు. పాంటియాక్ విభాగంలో జాన్ డెలోరియన్ బృందం దానికో సందు కనిపెట్టింది. 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌ని కొత్త మోడల్‌గా కాకుండా, టెంపెస్ట్ కారు కొనేవాళ్ళు కావాలంటే తీసుకునే ఆప్షన్‌గా అమ్మింది. అదనపు ఖర్చు 300 డాలర్లు కూడా లేదు. జీటీఓ అన్న పేరు ఫెరారీ దగ్గర ఎత్తుకొచ్చింది. మొదటి ఏడాదే 32 వేలకు పైగా అమ్ముడయ్యాయి. మనం తిరుగుబాటు అని మురిసిపోతున్నది ఒక పెద్ద కంపెనీ ఆఫీసులో, కాగితాల మీద, అమ్మకాల కోసం చేసిన గడుసు పని.

అలాగని ఆ కార్లంటే నాకు చులకన లేదు. వాటి గొప్పంతా చవకలోనే ఉంది. 1968లో వచ్చిన ప్లిమత్ రోడ్ రన్నర్ ధర 3 వేల డాలర్ల లోపే. కింద కార్పెట్ లేదు, ముందు బెంచీ సీటు, లోపల మాత్రం 383 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, కార్టూన్ పక్షిలా "బీప్ బీప్" అనే హారన్. ఫ్యాక్టరీ జీతం మీద బతికే కుర్రాడు వాయిదాల మీదైనా కొనుక్కోగలిగాడు. బానెట్ ఎత్తితే అన్నీ కంటికి కనిపించేవి, చేతికి అందేవి. కార్బురేటర్ విప్పడానికి నాలుగు స్పానర్లూ ఒక స్క్రూడ్రైవరూ చాలు. ఈ మోజు ఇన్నేళ్ళయినా తగ్గకపోవడానికి కారణం వేగం కన్నా ఇదేనని నా వాదన. ఫోను బ్యాటరీ కూడా మనంతట మనం మార్చుకోలేని కాలంలో ఉన్నాం. విప్పి చూసి, మళ్ళీ బిగించగలిగే యంత్రం మీద ఆశ పుట్టదా మరి?

కానీ బిగించిన చేతుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

1971 నాటి "వానిషింగ్ పాయింట్" సినిమాలో హీరో పేరు కోవాల్‌స్కీ. తెల్లటి 1970 డాడ్జ్ చాలెంజర్‌లో డెన్వర్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి బయల్దేరతాడు. పోలీసులు వెంటపడతారు. చివరికి రోడ్డుకి అడ్డంగా నిలిపిన బుల్డోజర్లను గుద్దుకుని పోతాడు. (ఆ పేలుడులో తగలబడింది చాలెంజర్ కాదు, కమారో డొల్ల.) స్వేచ్ఛావాదులందరికీ ఈ కోవాల్‌స్కీయే ఇలవేల్పు.

ఇంకో కోవాల్‌స్కీ ఉన్నాడు. 2008లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసి, నటించిన "గ్రాన్ టొరీనో"లో వాల్ట్ కోవాల్‌స్కీ. ఫోర్డ్ ఫ్యాక్టరీలో రిటైరైన కార్మికుడు. గరాజ్‌లో 1972 గ్రాన్ టొరీనో ఉంటుంది. దాని స్టీరింగ్ కాలమ్ బిగించింది తనే. మొదటి కోవాల్‌స్కీ కారు నడిపాడు, రెండోవాడు తయారుచేశాడు. మన పోస్టర్లన్నీ మొదటివాడివే.

కోవాల్‌స్కీ పోలిష్ పేరు. డెట్రాయిట్‌ని ఆనుకుని ఉన్న హామ్‌ట్రామిక్ పోలిష్ వలసదారుల ఊరు. డాడ్జ్ మెయిన్ ఫ్యాక్టరీ అక్కడే. 1968 మే నెలలో అక్కడి కార్మికులు యూనియన్ అనుమతి కోసం ఆగకుండా సమ్మెకు దిగారు. కారణం, అసెంబ్లీ లైన్ వేగం పెంచడం. సమ్మె తర్వాత శిక్షలు ఎక్కువగా నల్లజాతి కార్మికుల మీదే పడ్డాయి. వాళ్ళు డాడ్జ్ రివల్యూషనరీ యూనియన్ మూవ్‌మెంట్ పెట్టుకున్నారు. తర్వాత ఏడాదిన్నర తిరక్కముందే అదే ఫ్యాక్టరీలో చాలెంజర్ల తయారీ మొదలైంది. వేగమంటే పడిచచ్చే అభిమానులు ఈ వేగం గురించి ఎప్పుడైనా విన్నారా?

ఇక "ప్రభుత్వం చంపేసింది" అన్న ఏడుపు. 1973 అక్టోబరులో చమురు ఆంక్షలు వచ్చేనాటికే ఈ కార్లు కొన ఊపిరితో ఉన్నాయి. కుర్రాళ్ళ మీద బీమా కంపెనీలు వేసిన భారీ ప్రీమియాలు ముందే గొంతు పట్టుకున్నాయి. 1970లో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం వచ్చిందంటే, రాక ఏం చేస్తుంది? ఆ ఇంజిన్లు తాగింది సీసం కలిపిన పెట్రోలు. ఆ సీసం చేరింది రోడ్ల పక్కన పెరిగే పిల్లల రక్తంలోకి. 1972 ఒక్క ఏడాదిలో అమెరికా రోడ్ల మీద 54 వేలమందికి పైగా చనిపోయారు. తప్పంతా మజిల్ కార్లదే అనను. కానీ అంత బలమైన ఇంజిన్‌కి నాసిరకం డ్రమ్ బ్రేకులు పెట్టి అమ్మినవాళ్ళని వదిలేసి, చట్టం చేసినవాళ్ళని తిట్టడం ఏం న్యాయం?

ఈ కార్లను జనానికి దూరం చేసింది డబ్బు. "బులిట్" సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగ్‌ని 1974లో ఒక కుటుంబం సుమారు 6 వేల డాలర్లకు కొన్నది. టీచరుగా పనిచేసే ఆ ఇల్లాలు రోజూ అందులోనే బడికి వెళ్ళేది. 2020 జనవరి వేలంలో అదే కారు 37 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఇప్పుడు ఎవరైనా దాంట్లో బడికి వెళ్తారా? కంపెనీలు కూడా అదే బాట పట్టాయి. డాడ్జ్ కొత్త ఎలక్ట్రిక్ చార్జర్‌లో ఇంజిన్ లేదు, గర్జన మాత్రం కృత్రిమంగా పుట్టిస్తున్నారు. మనకు కావలసింది శబ్దమేనని తేల్చేసుకున్నారన్నమాట.

డాడ్జ్ మెయిన్‌ని 1981లో కూల్చేశారు. పక్కనున్న పోల్‌టౌన్ పేట నుంచి నాలుగు వేలమందికి పైగా ఖాళీ చేయించి, ఆ నేల మీద జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ కట్టారు. ఇప్పుడక్కడ ఎలక్ట్రిక్ హమ్మర్లు తయారవుతున్నాయి.

ఈ కార్లను ప్రేమించొద్దని ఎవరన్నారు? "గ్రాన్ టొరీనో"లో వాల్ట్ తన కారుని సొంత మనవరాలికి కాకుండా పక్కింటి హ్మాంగ్ కుర్రాడు థావోకి రాసిచ్చి పోతాడు. వాడు మొదట ఆ కారు దొంగిలించబోయినవాడే. కానీ తర్వాత వాల్ట్ దగ్గర పనిముట్లు పట్టడం నేర్చుకున్నాడు. మనవరాలికి ఆ కారు బాగుందని మాత్రమే తెలుసు.