కాయ అమ్మటం వేరు, ఊరి పేరు అమ్మటం వేరు



ఈసారి కొంచెం వింత సంగతి రాస్తున్నా. వైన్ గురించి. ముందే చెప్తున్నా, నేను ఇంతవరకు ఒక్క చుక్క నోట్లో పోసుకున్నవాణ్ణి కాదు, మిమ్మల్ని తాగమనీ చెప్పట్లేదు. నా ఆలోచనంతా సీసాలో ఉన్నదాని మీద కాదు, సీసా మీద అంటించిన కాగితం మీద.

మా అన్నయ్య కొడుకు ఫ్రాన్స్‌లో నాంత్ అనే ఊళ్ళో చదువుకుంటున్నాడు. లువార్ అనే పెద్ద నది సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో ఉంటుంది ఆ ఊరు. పోయిన సెప్టెంబర్లో ఖర్చులకి పనికొస్తాయని ద్రాక్ష కోతకి కూలికి వెళ్ళాడు. "బాబాయ్, ఇక్కడ కూడా కూలీలు దొరకట్లేదంట, అందుకే నాలాంటోణ్ణి పిలిచారు" అని నవ్వాడు. ఆ చుట్టుపక్కల ఎక్కువమంది మెషీన్‌తోనే కోయిస్తారు. వీడు వెళ్ళిన తోట ఆసామి మాత్రం చేత్తోనే కోయిస్తాడు. మొగుడూ పెళ్ళాం, ఒక పనివాడు, మొత్తం పాతిక ఎకరాల తోట. అక్కడ లెక్కలో అది చిన్న రైతే. మనకి రాత్రి పదింటికి వాడికి సాయంత్రం ఆరున్నర. ఫోన్లో తోట చూపించేవాడు, నేను అడుగుతూ ఉండేవాణ్ణి. ఆ తర్వాత ఆ ప్రాంతం గురించి దొరికిందల్లా చదివాను. ఆ ముచ్చటే ఇది.

అక్కడి వైన్ పేరు మస్కాడే. తెల్ల వైన్. చిత్రమేంటంటే మస్కాడే అనేది ద్రాక్ష పేరూ కాదు, ఊరి పేరూ కాదు. ద్రాక్ష రకం పేరు మెలోన్ ద బుర్గోన్. బుర్గోన్ అంటే ఫ్రాన్స్‌లో తూర్పు వైపు ఉన్న వేరే సీమ, రకం అక్కడినుంచి వచ్చింది. పుట్టినచోట దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ప్రపంచమంతా తెలిసిన షార్డొనే అనే ద్రాక్ష ఉంది చూడండి, దానికీ దీనికీ తల్లిదండ్రులు ఒకటేనని జన్యు పరీక్షల్లో తేలింది. ఒక తోబుట్టువు జమీందారయింది, ఇంకోటి కౌలుకి పోయినట్టయింది.

ఇది నాంత్ దగ్గర నిలబడటానికి కారణం 1709 చలికాలం. ఆ ఏడు యూరప్ అంతా గడ్డకట్టింది. తీగలు మొదళ్ళతో సహా చచ్చిపోయాయి. మళ్ళీ నాటుకునేటప్పుడు చలికి ఓర్చుకునే ఈ రకాన్ని ఎంచుకున్నారు. రుచి చూసి కాదండీ, బతుకుతుందని. మన పెద్దోళ్ళు కూడా చాలా రకాలు అట్లాగే పట్టుకున్నారు కదా. ఇంకో సంగతి, 1860ల తర్వాత ఫిలోక్సెరా అనే వేరు పురుగు ఫ్రాన్స్ ద్రాక్షనంతా తినేసింది. మందులతో లొంగలేదు. చివరికి అమెరికా తీగ మొదలు పెట్టి, పైన తమ రకం అంటు కట్టారు. ఈ రోజుకీ అక్కడి తోటలు దాదాపు అన్నీ అంటుమొక్కలే. మామిడి అంటు కట్టే మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ ద్రాక్షకి సొంత వాసన, తియ్యదనం పెద్దగా ఉండవు. చప్పిడి రకం అనొచ్చు. దాన్ని నిలబెట్టింది అక్కడోళ్ళ పనితనం. రసం పులిసేటప్పుడు ఈస్టు పని చేస్తుంది. పని అయిపోయాక ఆ ఈస్టు చచ్చి అడుగుకి దిగుతుంది. మామూలుగా అయితే ఆ మడ్డి తీసేసి వైన్ వేరే తొట్టెలోకి మారుస్తారు. వీళ్ళు తియ్యరు. చలికాలమంతా ఆ మడ్డి మీదే ఉంచి, మరుసటి ఏడాది మార్చి తర్వాత నేరుగా సీసాలకి పడతారు. దాన్ని సుర్ లీ అంటారు, అంటే మడ్డి మీద అని అర్థం. దానివల్ల చప్పిడి వైన్‌కి ఒక నిండుదనం, నాలిక మీద చిన్న చురుకు వస్తాయంట. తొట్టెలు కూడా మనం సినిమాల్లో చూసే చెక్క పీపాలు కాదు. నేలలోకి కట్టిన సిమెంటు తొట్టెలు. మావాడు మూత తీసి చూపిస్తే మన నీళ్ళ సంపులాగే ఉంది!

ఇక తిండి సంగతి. నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే.

అక్కడ మస్కాడే అనగానే ప్రతివాడి నోటా వచ్చే మాట ఆయిస్టర్లు, అంటే సముద్రపు ఆల్చిప్పలు. పచ్చివే, చిప్ప తెరిచి తినేస్తారు. వైన్‌లో పులుపు ఉంటుంది. ఉప్పగా ఉండే ఆల్చిప్ప మీద నిమ్మకాయ పిండినట్టు పని చేస్తుంది. సముద్రం పక్కనే, ఆల్చిప్పలు పక్కనే, వైన్ పక్కనే. ఇంకోటి, నది చేపని ఉడికించి దాని మీద బ్యూర్ బ్లాన్ అనే వెన్న పులుసు పోస్తారు. చిన్న ఉల్లిపాయలు, వెనిగర్, వైన్ మరగబెట్టి అందులో వెన్న కలిపి చేసేది. అది ఆ సీమలోనే పుట్టిన వంట. వెన్న జిడ్డుని వైన్ పులుపు కోసేస్తుంది. మనం ముద్దపప్పూ నెయ్యీ తింటూ మధ్యలో ఆవకాయ నంజుకుంటాం, సరిగ్గా అదే లెక్క. నాంత్ దగ్గర క్యూరే నాంతే అనే జున్ను కూడా ఉంది, దానితోనూ ఇదే తాగుతారు.

అదే తోటలో ఫోల్ బ్లాన్ష్ అని ఇంకో రకం కొన్ని వరుసలు ఉంది. దాని వైన్‌ని గ్రో ప్లాన్ అంటారు. ఇంకా పులుపు, ఇంకా పల్చన, అది అచ్చంగా గుల్లలకే. గామే అనే ఎర్ర ద్రాక్ష కొంచెం ఉంది, అది మాంసం తినేరోజుకి. పాతిక ఎకరాల్లోనే మూడు రకాలు, మూడు రకాల భోజనాలకి. ఎవరైనా కొనడానికి ఇంటికొస్తే ఆసామి భార్య మొదట అడిగే మాట "ఎన్ని సీసాలు కావాలి" అని కాదంట, "ఏం వండుకుంటున్నారు" అని అంట.

మావాడు ఊరుకోకుండా గదిలో చేపల పులుసు చేసుకుని దాంతో తాగి చూశాడు. "నీళ్ళలా అయిపోయింది బాబాయ్, పైగా కారం ఇంకా మండింది" అన్నాడు. చింతపండు పులుపు ముందు ఆ పులుపెంత. అదీకాక ఆల్కహాల్ కారాన్ని పెంచుతుంది. మన వంటకి కొంచెం తియ్యగా ఉండే వైన్ అయితే నయమంట. నాకైతే ఆ వైన్ మన పులుసు ముందు ఓడిపోవటం తప్పుగా అనిపించలేదు. అది వాళ్ళ తిండి కోసం పుట్టింది.

ఇప్పుడు అసలు మాట. ఇదంతా విని "అబ్బ, ఫ్రాన్స్ రైతు రాజా" అనుకుంటారేమో. కాదు. వాళ్ళూ మునిగారు, మనం చేసే తప్పే చేసి మునిగారు.

1970, 80ల్లో మస్కాడేకి గొప్ప గిరాకీ వచ్చింది. పారిస్ హోటళ్ళు, ఇంగ్లండ్ దుకాణాలు ఎంతున్నా పంపమన్నాయి. ఏం చేస్తారు? దిగుబడి పెంచారు. ఎంత కాస్తే అంత కాయించారు. ఎక్కువమంది సీసా పట్టకుండా ట్యాంకర్ల లెక్కన పెద్ద వ్యాపారులకి అమ్మేశారు. వ్యాపారి అందరిదీ కలిపి తన పేరుతో సీసా పట్టేవాడు. బాగా చేసినోడిదీ నీళ్ళలా చేసినోడిదీ ఒకే తొట్టెలో. మెల్లగా మస్కాడే అంటే చవక సరుకు, పుల్లటి నీళ్ళు అనే పేరు పడిపోయింది. 1991 ఏప్రిల్లో మంచు పడి పంట పోయింది. కొనేవాళ్ళు వేరే దేశాల వైన్ వైపు జరిగారు, చాలామంది మళ్ళీ తిరిగి రాలేదు. ఆ తర్వాత ఎందరో తోటలు పీకేశారు. ఆ ప్రాంతంలో ద్రాక్ష సాగు అప్పటికీ ఇప్పటికీ ఎంతో తగ్గిపోయింది.

మిగిలినవాళ్ళలో కొందరు ఎదురు దారి పట్టారు. దిగుబడి తగ్గించుకున్నారు. తమకు తామే నియమం పెట్టుకుని, ఊళ్ళవారీగా పేరు అడిగారు. 2011లో క్లిస్సోన్, గోర్జ్, ల పాలే అనే మూడు ఊళ్ళ పేర్లకి ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. తర్వాత మరికొన్నిటికి వచ్చింది. ఆ ఊరి పేరు సీసా మీద వెయ్యాలంటే హెక్టారుకి 45 హెక్టోలీటర్లు దాటకూడదు. మన లెక్కలో ఎకరాకి 1,800 లీటర్లు, అంటే సుమారు 2,400 సీసాలు. క్లిస్సోన్, గోర్జ్ వైన్ అయితే రెండేళ్ళు మడ్డి మీదే ఉండాలి. క్లిస్సోన్ నేల గ్రానైట్ రాయి, గోర్జ్‌ది గాబ్రో అనే నల్ల రాయి, పైన బంకమట్టి. ద్రాక్ష ఒకటే, నేల మారితే రుచి మారుతుందని చెప్పి అమ్ముతున్నారు, కొనేవాడు ఒప్పుకుని ఎక్కువ ఇస్తున్నాడు. అంత నిండుగా తయారైన వైన్‌ని ఆల్చిప్పలతో కాదు, మీగడ వేసిన కోడి కూరతో తాగమంటున్నారు. చూశారా, సరుకు మారగానే పక్కన పెట్టే కూర కూడా మార్చి చెప్పారు.

మన మీటింగులకి వచ్చే పెద్దలు ఎప్పుడూ ఒకటే మాట, దిగుబడి పెంచండి, దిగుబడి పెంచండి. నేను నాలుగెకరాల మామిడి రైతుని, పాతికేళ్ళనుంచి వింటున్నా. కాయ ఎక్కువొచ్చిన ఏడే నాకు డబ్బు తక్కువొచ్చింది. పూత మీద తోట అమ్మేస్తే కాయ మీద నాకు హక్కు లేదు. నేనే కోసి కొట్టుకి తోలితే తరుగు, కమీషన్, కూలి, కిరాయి. నా రసాలూ పక్కోడి పచ్చి కాయా ఒకే కుప్ప. మూడేళ్ళ కిందట ఒక కొట్టులో నా కళ్ళ ముందే కలిపారు. అడిగితే "మామిడికాయేగా పెద్దాయనా" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటుంది. నాంత్ రైతుల్ని ముంచింది కూడా ఆ మాటే కదా, వైనేగా అని.

అయితే వాళ్ళ దారిని గుడ్డిగా పట్టుకోమని నేననను. రెండేళ్ళు సరుకు తొట్టెలో ఉంచి కూర్చోవాలంటే రెండేళ్ళు ఇల్లు గడవాలి. మనకి రెండు నెలలు వడ్డీ ఆగదు. మామిడి పండు రెండేళ్ళు కాదు, పది రోజులు ఆగదు. వాళ్ళకీ ఇబ్బందులు తీరలేదు. 2021 ఏప్రిల్లో మళ్ళీ మంచు పడింది. ఫ్రాన్స్‌లో రాత్రంతా తోటల్లో మంటలు పెట్టుకుని కాపలా కాసిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. పేరు మంచుని ఆపదు.

కానీ ఒక్కటి మన చేతుల్లో ఉంది. అక్కడ నియమం ఒక్కడు పెట్టుకోలేదు, ఊరంతా పెట్టుకుంది. ఒక్కడు తప్పు చేస్తే ఊరి పేరు పోతుందని పక్కోడే నిలదీస్తాడు. మన బంగినపల్లికి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ లేత కాయ కోయొద్దు, కార్బైడ్ వెయ్యొద్దు అని మన ఊళ్ళో పది మందిమి కూర్చుని ఒట్టు పెట్టుకున్నామా? పెట్టె మీద ఊరి పేరు రాశామా? సిటీలో పెరిగిన పిల్లలకి పెరుగన్నంలో చిన్నరసం పిండుకుని తింటే ఎట్లా ఉంటుందో మనం చెప్పామా? కోతకాయ పప్పులోకి ఏది, ఆవకాయకి ఏది, రసానికి ఏది అనేది మన ఆడవాళ్ళకి తెలిసినంత ఎవరికి తెలుసు? ఆ తెలివి మన పెట్టె మీద లేదు. పెట్టె మీద కొట్టు వాళ్ళ పేరుంది.

ఈ ఏడు ఇంటి వెనక ఆరు చిన్నరసం చెట్లు పూత మీద అమ్మకుండా ఆపుకున్నా. మా ఇంటావిడ కోప్పడింది, అయినా ఆపా. పండు చెట్టు మీద తిరిగాకే కోస్తాం, పెట్టె మీద ఊరి పేరు, తోట పేరు, ఎట్లా తినాలో రెండు ముక్కలు రాస్తాం. ఆ రెండు ముక్కలు మా ఇంటావిడే రాస్తానంది. మన ఊరోళ్ళు ఎవరైనా కలుస్తానంటే ఫోన్ చెయ్యండి, ముందు కాయ ఎప్పుడు కొయ్యాలో మాట్లాడుకుందాం, రేటు తర్వాత. ఎన్ని పెట్టెలు పోయాయో, ఎన్ని మిగిలి కుళ్ళాయో మే నెలాఖరుకి ఇక్కడే రాస్తాను.