చేతివాటం చాలదు

మర్దన వృత్తికి చదువు అక్కర్లేదనీ, చేతుల్లో కాస్త బలం, వేళ్లలో ఒడుపు ఉంటే మిగిలింది పనిలో పడ్డాక అదే పట్టుబడుతుందనీ ఒక అభిప్రాయం సమాజంలో గట్టిగా నాటుకుపోయింది. స్పా యజమానులు, ఆ పనికి వచ్చే యువతీయువకులు, డబ్బిచ్చి మర్దన చేయించుకునేవారు అందరూ దీన్ని నమ్ముతున్నారు. అందుకే నాలుగు రోజులు పాతవాళ్ల పక్కన నిలబడి చూసినవారు ఐదో రోజుకల్లా ముక్కూ మొహం తెలియని మనిషి మెడ మీద చేతులు వేయగలుగుతున్నారు. ఈ అభిప్రాయం తప్పు. చేయించుకునేవారి ఒంటికీ, చేసేవారి బతుకుతెరువుకీ, వృత్తి పరువుకీ కూడా దీనివల్ల హాని జరుగుతోంది.

దీని పుట్టుక ఇళ్లలో ఉంది. పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని అమ్మమ్మ నూనె రాస్తుంది. దీపావళి తెల్లవారుజామున తలంటు, పెళ్లికి ముందు నలుగు, పొలం నుంచి వచ్చిన తాతకు మనవడు కాళ్లు పట్టడం, క్షవరం అయ్యాక తల మాలిష్. వీటికి ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. అయితే ఇంటి మర్దనలో ఒక రక్షణ ఉంది. కాళ్లు పట్టే మనవడికి తాతకు షుగర్ ఉందని తెలుసు, కిందటి నెల మెట్ల మీద జారిపడ్డారని తెలుసు, గుండెకు స్టెంట్ వేశారని తెలుసు. అవతలి ఒంటి చరిత్ర అడగకుండానే చేతికి అందుతుంది. వృత్తిలో ఉన్నవారికి ఆ సౌకర్యం లేదు. రోజంతా ఒకరి తరువాత ఒకరుగా వచ్చే కొత్త శరీరాల గురించి వారికి ముందుగా తెలిసేది ఏమీ ఉండదు. ఆ లోటును పూడ్చేది శిక్షణే: ఏం అడగాలి, ఏం చూడాలి, వేలికి తగిలినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలి అన్నది నేర్చుకోవాల్సిన విద్య. ఇంట్లో చదువు లేకుండా సాగింది కాబట్టి వృత్తిలోనూ సాగుతుందన్న వాదం ఇక్కడే కూలిపోతుంది.

సంప్రదాయాన్ని సాక్ష్యానికి పిలిచినా అది ఈ వాదాన్ని బలపరచదు. వాగ్భటుని అష్టాంగహృదయం రోజూ అభ్యంగనం చేసుకోమంటుంది, తలకూ చెవులకూ పాదాలకూ మరింత శ్రద్ధగా చేయమంటుంది. ఆ వెంటనే ఎవరికి చేయకూడదో కూడా చెబుతుంది: కఫం ప్రకోపించినవారికి, శోధన చికిత్స అయినవారికి, అజీర్ణంతో ఉన్నవారికి వద్దంటుంది. ఎవరికైనా, ఎప్పుడైనా, ఎవరైనా ఒళ్లు రుద్దవచ్చన్న ధోరణి ఆ శాస్త్రంలో లేదు.

చేతి పని నేర్చుకోవడం నిజంగానే పెద్ద కష్టం కాదు. నేడు ప్రపంచమంతటా స్వీడిష్ మర్దనగా చలామణీలో ఉన్న పద్ధతిలో ప్రధానమైన కదలికలు ఐదే: నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం, కంపింపజేయడం. 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాసంస్థను స్థాపించిన పెర్ హెన్రిక్ లింగ్ పేరు మీద ఇవి ప్రసిద్ధికెక్కాయి. వాటి ఫ్రెంచి పేర్లను స్థిరపరచింది మాత్రం డచ్ వైద్యుడు యోహాన్ గెయోర్గ్ మెజ్‌గర్. చురుకైన విద్యార్థికి ఈ ఐదూ కొద్ది వారాల్లో పట్టుబడతాయి. చదువు అక్కర్లేదనేవారు చూసేది ఇంతవరకే. మరి న్యూయార్క్ రాష్ట్రం లైసెన్సు ఇవ్వడానికి 1000 గంటల శిక్షణ ఎందుకు అడుగుతోంది? జపాన్‌లో 1947 నాటి చట్టం కింద కనీసం 3 ఏళ్లు చదివి జాతీయ పరీక్ష రాయాల్సిన అవసరం ఏమిటి? ఆ కాలంలో ఎక్కువ భాగం శరీర నిర్మాణం, వ్యాధి లక్షణాలు, పర్యవేక్షణలో చేసే సాధన మీద గడుస్తుంది. మర్దన విద్యలో అతి ముఖ్యమైన పాఠం ఎలా ఒత్తాలన్నది కాదు, ఎప్పుడు, ఎక్కడ ఒత్తకూడదన్నది.

పిక్క నొప్పినే తీసుకోవచ్చు. సుదీర్ఘ విమాన ప్రయాణం చేసినవారు, ఆపరేషన్ తరువాత మంచం మీద ఉన్నవారు, కాన్పు అయిన స్త్రీలు పిక్క పట్టేసిందని, గట్టిగా పిసకమని అడగడం మామూలే. అది ఊరికే పట్టేసిన కండరం కావచ్చు. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టి కూడా ఉండవచ్చు. ఒక కాలే వాయడం, ముట్టుకుంటే వెచ్చగా తగలడం, చర్మం రంగు మారడం ఆ ప్రమాదానికి గుర్తులు. అలాంటి పిక్కను పిసికితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల రక్తనాళానికి అడ్డం పడవచ్చు, ప్రాణమే పోవచ్చు. బలమైన చేయి ఇక్కడ ప్రమాదాన్ని పెంచుతుంది. రెండు కాళ్లనూ పక్కపక్కన చూసి, నాలుగు ప్రశ్నలు అడిగి, మర్దన మానేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లమని చెప్పగలిగినవారే ఆ మనిషికి మేలు చేసినవారు. ఆ నిర్ణయం ఒడుపుతో రాదు.

మెడ సంగతి ఇంకా సున్నితం. మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనులు మెడలో ముందు వైపు రెండు, వెన్నుపూసల గుండా రెండు వెళతాయి. తల మాలిష్ చివర మెడను ఒక్కసారిగా తిప్పి పటక్కుమనిపించడం మన సెలూన్లలో అలవాటు. ఆ కుదుపులో ధమని లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం తెచ్చిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. బలప్రయోగం లేకుండా మెడను వెనక్కి వాల్చి ఉంచినా ఇలా జరగవచ్చు. బ్యూటీ పార్లర్ స్ట్రోక్ అన్న మాట 1993లోనే వైద్య పత్రికలోకి వచ్చింది. 2022లో హైదరాబాద్ సెలూన్‌లో తల కడిగించుకున్న ఒక మహిళ విషయంలో ఇదే మాట పత్రికలకెక్కింది. ఇవి చాలా అరుదైన ఘటనలు, మర్దన అంటేనే భయపడాల్సినంత తరచుగా జరిగేవి కావు. కానీ మెడను అలా తిప్పడం వల్ల కలిగే లాభం ఆ కాస్త చప్పుడు ఇచ్చే తృప్తే. అంత స్వల్ప లాభానికి అంత పెద్ద ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడానికి సమర్థన లేదు.

మధుమేహం తెలుగు నేల మీద ఇంటింటి సమస్య. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. వేడి నూనె చర్మాన్ని కాలుస్తున్నా, బొటనవేలు లోతుగా దిగుతున్నా వారు అబ్బా అనరు. నొప్పి అంటే ఆపుదాంలే అనుకునేవారి లెక్క అక్కడ పనిచేయదు. రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవారికి గట్టి ఒత్తిడితో లోపల రక్తం చిమ్మి కమిలిపోవచ్చు. ఎముకలు గుల్లబారిన వృద్ధురాలి వీపు మీద మోచేయి మోపితే పక్కటెముక విరగవచ్చు.

గట్టిగా నొక్కితేనే గుణం అన్న నమ్మకానికి అసలైన జవాబు శోషరస మర్దన. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేశాక కొందరికి చేయి వాస్తుంది. కోస్తా జిల్లాలవారికి బాగా తెలిసిన బోదకాలులో కాలు వాస్తుంది. రెంటిలోనూ శోషరసం ఎటూ పోలేక నిలిచిపోవడమే కారణం. డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్ 1930లలో రూపొందించిన పద్ధతి ఇలాంటి వాపుల చికిత్సలో చోటు సంపాదించింది. అందులో ఒత్తిడి చర్మాన్ని మెల్లగా జరిపేంత మాత్రమే ఉంటుంది, ఎందుకంటే శోషరస నాళాలు చర్మం కిందే సన్నగా అల్లుకుని ఉంటాయి. వాచిన అవయవం కంటే ముందు రసం చేరాల్సిన చోటు దగ్గర పని మొదలుపెట్టి దారి చేస్తారు. కట్టు, వ్యాయామం, చర్మ సంరక్షణ దానికి తోడుంటాయి. ఎర్రబడి జ్వరం ఉన్న కాలును ముట్టుకోరు. ఈ వరుసలో ఏ ఒక్కటీ చేతివాటంతో ఊహించి చేయగలిగేది కాదు.

శిక్షణకు ఇంకో పని ఉంది: తప్పుడు మాటలు మాన్పించడం. మర్దన ఒంట్లో విషాలను తీసేస్తుందని, కండరాల్లోని లాక్టిక్ ఆమ్లాన్ని కడిగేస్తుందని ప్రచారం సాగుతోంది. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామం చేసిన వెంటనే మర్దన చేస్తే కండరానికి రక్తప్రవాహం తగ్గి, ఆ ఆమ్లం తొలగిపోవడం మందగించినట్లు తేలింది. నడుము నొప్పికి మర్దన కొంత కాలం ఉపశమనం ఇస్తుందనడానికి ఆధారాలున్నా అవి బలహీనమైనవే. మంచి నిద్ర, ఆందోళన తగ్గడం, ఒళ్లు తేలికపడటం మాత్రం చేయించుకున్నవారికి అనుభవంలో ఉన్నవే. ఇంత మేలు చేసే పనికి అబద్ధాల అండ అక్కర్లేదు.

చదువు లేకపోవడం చేసేవారినీ దెబ్బతీస్తుంది. ఈ కోణం గురించి ఎవరూ మాట్లాడకపోవడం అన్యాయం. బొటనవేలి మొదటి కీలు, మణికట్టు, నడుము ఈ వృత్తిలో ముందుగా అరిగేవి. బల్ల ఎత్తు ఎంత ఉండాలి, కాళ్లు ఎలా నిలపాలి, భుజబలానికి బదులు ఒంటి బరువును ఎలా వాలనివ్వాలి, బొటనవేలికి బదులు ముంజేతిని ఎక్కడ వాడాలి అన్నవి నేర్పకుండా రోజంతా పనిచేయిస్తే కొన్నేళ్లకే చేతులు పాడవుతాయి. ఆ తరువాత యజమానికి కొత్త చేతులు దొరుకుతాయి. పాడైన చేతులవారికి మరో జీవనోపాధి దొరకదు.

మర్దన కేంద్రాల ముసుగులో అసాంఘిక కార్యకలాపాలు జరుగుతున్నాయి కాబట్టి దీనికి కావలసింది పోలీసులే కానీ బడులు కావనేవారు ఉన్నారు. లండన్‌లో ఇదే మాట 19వ శతాబ్దం చివర వినిపించింది. 1894లో అక్కడి వైద్య పత్రిక ఇలాంటి కేంద్రాల గుట్టు బయటపెట్టినప్పుడు నిజాయితీగా పనిచేసే స్త్రీలందరి మీదా మచ్చ పడింది. నర్సులూ మంత్రసానులూ అయిన నలుగురు స్త్రీలు, లూసీ రాబిన్సన్, రోజలిండ్ పాజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్, అదే ఏడాది శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం పెట్టారు. పాఠ్యక్రమం, పరీక్ష, నియమాలు ఏర్పరిచారు. వైద్యుల సూచన లేకుండా మర్దన చేయకూడదు, మందులు అమ్మకూడదు, వృత్తి పత్రికల్లో తప్ప ప్రకటనలు ఇవ్వకూడదు. 1920లో ఆ సంఘానికి రాజ శాసనం లభించింది. 1944లో అది చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీగా మారింది. నేటి బ్రిటన్‌లో ఫిజియోథెరపీ వృత్తికి ఉన్న గౌరవం వెనుక ఆ పరీక్షా పద్ధతి ఉంది. దాడులు తలుపులు మూయించగలవు. ఎవరు నిజమైన వృత్తికారులో చెప్పలేవు.

లైసెన్సు పెడితే పేదలు, అక్షరం రానివారు, తరతరాలుగా ఈ పని చేస్తున్న కులాలవారు వీధిన పడతారన్న అభ్యంతరం మాత్రం బరువైనది, దాన్ని కొట్టిపారేయకూడదు. అయితే దానికి జవాబు శిక్షణను వారి దగ్గరకు తీసుకెళ్లడమే. జపాన్‌లో 17వ శతాబ్దంలో సుగియామా వాయిచి అనే అంధ వైద్యుడు చూపులేనివారికి ఆక్యుపంక్చర్, మర్దన నేర్పే పాఠశాలలు నెలకొల్పాడు. ఈనాటికీ అక్కడి అంధుల పాఠశాలల్లో ఈ చదువు సాగుతోంది, అందరూ రాసే జాతీయ పరీక్షే వారూ రాస్తారు. చూపు లేకపోవడమే అడ్డు కానప్పుడు ఇంగ్లీషు రాకపోవడం అడ్డు కానక్కర్లేదు.

భారతదేశంలో మర్దన వృత్తికి దేశమంతటా వర్తించే లైసెన్సు చట్టం లేదు. బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ స్పా థెరపిస్టులకు ప్రమాణాలు రాసింది కానీ అవి పాటించకుండానే పని చేసుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు కనీస శిక్షణా కాలాన్ని నిర్ణయించాలి. తెలుగులో పాఠ్యపుస్తకాలు, మౌఖిక పరీక్షకు అవకాశం, ఇప్పటికే పనిలో ఉన్నవారి అనుభవానికి గుర్తింపు, పేర్లు నమోదయ్యే పట్టిక ఉండాలి. అవి వచ్చేదాకా జాగ్రత్త చేయించుకునేవారిదే. బల్ల మీద పడుకునే ముందు మీ జబ్బుల గురించి, వాడే మందుల గురించి, ఈమధ్య అయిన ఆపరేషన్ల గురించి ఒక్క మాటైనా అడగనివారి చేతికి ఒంటిని అప్పగించకండి.