థింసాకు యజమాని ఎవరు?

అరకులోయకు వెళ్ళి వచ్చినవారిలో థింసా చూడనివారు అరుదు. 2017లో కిరండూల్ రైలుకు అద్దాల పెట్టె తగిలించిన తరువాత ఆ లోయకు పర్యాటకుల తాకిడి మరింత పెరిగింది. సాయంవేళ విడిది గృహాల ముంగిట నెగడు రాజేస్తారు. ఒకే రంగు చీరలు కట్టిన గిరిజన స్త్రీలు ఒకరి నడుము వెనుకగా ఒకరు చేతులు పెనవేసి బారుగా నిలుస్తారు. డప్పు, తుడుము, మోరి మ్రోగుతాయి. కాసేపటికి ఆట ముగుస్తుంది. అతిథులు తామూ వరుసలో దూరి, ఫొటోలు దిగి, భోజనాలకు లేస్తారు.

దీనిని చూచి సంప్రదాయం మంటగలిసిందని నిట్టూర్చే పండితులున్నారు. మారుమూల కళకు గుర్తింపు వచ్చిందని సంబరపడే అధికారులున్నారు. ఇరువురి మాటా నాకు సగమే రుచిస్తుంది.

థింసా ఒక్క ఆట కాదు. పోటర్ తోల థింసా ఆకులేరే పనికి అభినయం. బాగ్ థింసాలో పులి మీదపడటం, దాని బారినుండి తప్పుకోవటం ఆడి చూపుతారు. కుండ థింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. ఇవి వేడుక ఆటలు. వీటిని పరులు చూచినందువల్ల వచ్చే అపచారమేమీ లేదు, కూలి దక్కితే మంచిదే. బోడ థింసా అట్లా కాదు, అది గ్రామదేవతకు చేసే కొలుపు. బాయ థింసా గణాచారికి పూనకం వచ్చినప్పటి ఆట. పూనకాన్ని రాత్రి ఏడు గంటలకు రమ్మని పిలువగలమా?

చైత్రంలో వచ్చే ఇటుకల పండుగను చూడండి. మగవారు వేటకు పోవటం, వట్టి చేతులతో తిరిగి వచ్చినవారిని ఆడవారు ఎగతాళి చేయటం ఆచారం. 1972 నాటి వన్యప్రాణి చట్టంతో వేటకు సంకెళ్ళు పడ్డాయి. ఈ పండుగలో ఆడవారు దారికి అడ్డంగా కర్ర కట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి పండుగ మామూలు అడుగుతారు. కారులో వెళ్ళేవారికి ఇది దోపిడిగా తోచి విసుక్కుంటారు. నాకు మాత్రం అందులో ప్రాణమున్న ఆచారం కనబడుతుంది. రోడ్డు వచ్చింది, బండ్లు వచ్చాయి, వాటిని కూడా పండుగలో కలుపుకొన్నారు. ఎంత అడగాలో, ఎవరిని వదలాలో నిర్ణయించేది వారే.

'యజమాని' అనే మాటకు మూలమైన సంస్కృత పదానికి తన కోసం యజ్ఞం చేయించుకొనేవాడని అర్థం. వాడుకలో అది సొమ్ము గలవాడికి పేరై కూర్చుంది. ఒక్క మాటలో వచ్చిన ఈ మార్పే మన్యంలో ఆటకూ పట్టింది. దారి దగ్గర కర్ర కట్టిన స్త్రీ మొదటి అర్థంలో యజమానురాలు. విడిది ముంగిట ఆడే స్త్రీకి యజమాని వేరొకరు. ఎప్పుడాడాలో, ఎంతసేపాడాలో, ఏ చీర కట్టాలో అతడే చెబుతాడు.

పూర్వం ఒక ఊరివారు మరో ఊరికి వెళ్ళి ఆడితే, ఆ ఊరివారు విందు పెట్టేవారు. దానిని సంకిడి కెల్బార్ అంటారు. అక్కడ ఆడేది అతిథి, అన్నం పెట్టేది ఆతిథేయి. ఇప్పుడు అతిథి కుర్చీలో కూర్చున్నాడు.

ఆట ఆపమని నేననను. ఆడేవారి ఇంట పొయ్యి వెలగాలి గదా! కోరేది స్వల్పం. ఏది చూపవచ్చునో ఏది కూడదో ఆ ఊరివారినే తేల్చనీయాలి. వెల వారే చెప్పాలి. ఆడుతున్నది ఏ థింసాయో, ఆ ఆదివాసీ ఒడియా పాటకు అర్థమేమో చూచేవారికి రెండు ముక్కల్లో చెప్పాలి. బోడ, బాయ థింసాలను అడగకుండా ఉండే మర్యాద మనం నేర్చుకోవాలి. మన గర్భగుడిలోకి కెమెరా రానీయము గదా, వారి వేల్పుకు మాత్రం ఆ పాటి మరుగు అక్కరలేదా?

ఆ ప్రాంతం ఎరిగిన మిత్రులు విభేదిస్తే సంతోషంగా వింటాను.