ట్రాన్స్‌ఫర్ అనే ఆప్షన్ ఎవరికుంది?

సెక్యూరిటీ ప్లస్ పరీక్షకి చదువుతున్నా. రిస్క్ మేనేజ్‌మెంట్ చాప్టర్‌లో నాలుగు మాటలు బట్టీ పట్టాలి: అవాయిడ్, మిటిగేట్, ట్రాన్స్‌ఫర్, యాక్సెప్ట్. కంపెనీ సైబర్ ఇన్సూరెన్స్ తీసుకుంటే అది ట్రాన్స్‌ఫర్. ఈ ప్రశ్న వస్తే మార్కు గ్యారంటీ.

సెలవులకి ఎల్లారెడ్డి పోయినప్పుడు మా బాపుకి ఈ లెక్క చెప్పబోయిన. నాలుగెకరాల వరి, ఎకరానికి ముప్పై వేల పెట్టుబడి అనుకుందాం. మొత్తం 1,20,000. వరదొచ్చి సగం పోతే నష్టం 60,000. అట్లాంటి వరద ఐదేళ్లకోసారి అనుకుంటే ఏడాదికి సగటున 12,000. దీన్నే పుస్తకంలో ఏఎల్ఈ అంటారు. అంతకన్నా తక్కువ ప్రీమియంకి బీమా దొరికితే కొనాలి. అంతా విని బాపు, "కొందాం బిడ్డా, అమ్మెటోడేడి?" అన్నడు.

నా దగ్గర జవాబు లేదు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో కురిసిన వాన అందరికీ గుర్తే. పోచారం ప్రాజెక్టు మీది నుంచి నీళ్లు దూకుతుంటే కట్ట ఆగుతదా లేదా అని భయపడ్డాం. కట్ట ఆగింది, పంటలు ఆగలేదు.

2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో వానాకాలం వరికి రైతు వాటా 2 శాతమే. పైన చెప్పిన లెక్కలో అది 2,400 రూపాయలు. కానీ 2020 వానాకాలం నుంచి మన రాష్ట్రం అందులోంచి బయటికొచ్చింది. కంపెనీలకే లాభం అన్న వాదన తీసిపారేసేదేం కాదు. అయితే దాని బదులు ఇంకోటి పెట్టాలి కదా?

రైతు బీమా ఉంది కదా అంటారు. 2018 నుంచి ఉంది, మంచి పథకం. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు, ప్రీమియం అంతా ప్రభుత్వమే ఎల్ఐసీకి కడుతుంది. కానీ అది ప్రాణానికి, పంటకి కాదు. పంట పోయి బతికున్న రైతుకి అందులో ఏమీ లేదు. ఈ వాక్యం రాయడానికే భయమేసింది. భూమి పట్టా లేని కౌలు రైతుకైతే అదీ లేదు. 2023 మార్చిలో వడగళ్లు పడితే ఎకరానికి 10,000 ప్రకటించారు. అది సాయం. రేపు ఇవ్వకపోతే అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

పుస్తకంలో యాక్సెప్ట్ అంటే తెలిసి, లెక్కేసి, పెద్దలు సంతకం పెట్టి భరించడం. మా బాపు ఎక్కడా సంతకం పెట్టలేదు.

పాలసీ ఉన్నా తిప్పలుంటాయి, నిజమే. 2017లో నాట్‌పెట్యా దాడితో నష్టపోయిన మెర్క్ కంపెనీకి బీమా సంస్థలు "ఇది యుద్ధం లెక్క, ఇయ్యం" అన్నాయి. 2023లో న్యూజెర్సీ అప్పీల్ కోర్టు మెర్క్ వైపు తీర్పిచ్చింది. మెర్క్‌కి లాయర్లున్నారు. ఫసల్ బీమాలో కూడా 2018లో వరి మునకని స్థానిక విపత్తుల జాబితాలోంచి తీసేశారు. అంటే మంజీర పక్కన వరి వేసేవాళ్లకి అసలు భయమేదో దాన్నే తీసేశారు! 2026 వానాకాలం నుంచి మళ్లీ చేరుస్తామని కేంద్రం 2025 నవంబర్‌లో చెప్పింది.

కాబట్టి నేనడిగేది రెండే. రాష్ట్రం పంట బీమా పెట్టాలి, కౌలు రైతుని కూడా కలపాలి. పాలసీని తెలుగులో, మినహాయింపులు మొదటి పేజీలోనే కనపడేలా ఇవ్వాలి. అది వచ్చిన రోజు ఊరికి పోయి బాపు పక్కన కూచుని నేనే చదివి వినిపిస్తా.