పాలు చాలుతున్నాయా?

మొన్న మా వీధిలో ఒక బారసాలకు వెళ్ళాను. ఉయ్యాలలో బిడ్డ, ప్రక్కన కుర్చీలో బాలింత. వచ్చినవారందరూ వంగి బిడ్డను చూసి, తల ఎత్తి తల్లితో ఏదో ఒక మాట అన్నారు. "బిడ్డ సన్నగా ఉన్నాడే, పాలు చాలుతున్నాయా?" "చెవుల్లో దూది పెట్టుకోలేదేం?" "ఫ్యాను క్రింద కూర్చున్నావేమిటమ్మా, చంటివాడికి జలుబు చేయదూ?" "ఆపరేషనా? కాసేపు ఓర్చుకోవలసింది." అరగంటలో పదకొండు సలహాలు లెక్కపెట్టాను (భోజనాలు ఇంకా వడ్డించలేదు, నాకు వేరే పని లేదు). ఆ అమ్మాయి అన్నిటికీ నవ్వుతూ "అలాగేనండీ" అంది. ఆ నవ్వు నేనెరుగుదును. ఇరవై రెండేళ్ళ క్రితం నా ముఖాన ఉన్నదే అది.

మా పాప పుట్టిన మూడవ రోజున, ఆసుపత్రి మంచం ప్రక్కన నిలబడి ఒక పెద్దావిడ "దీనికి పాలు పడలేదు" అని తీర్పు చెప్పారు. నాతో కాదు, మా అమ్మతో. సాయంత్రానికి పాలపొడి డబ్బా వచ్చింది. ఆ పాలు త్రాగి పాప హాయిగా నిద్రపోయింది. తీర్పు సరైనదేనని అందరికీ ఋజువైపోయింది, నాతో సహా.

చాలా ఆలస్యంగా తెలుసుకున్నదేమంటే, తల్లిపాలు కుండలో నీళ్ళలాగా ముందే నిండి ఉండేవి కావు. బిడ్డ చీకుతున్న కొద్దీ ఊరతాయి. మొదటి రెండు మూడు రోజుల ముర్రుపాలు చెంచాల లెక్కే. అప్పటికి ఆ చిన్ని పొట్టకు కావలసిందీ అంతే. మొదటి వారంలో బిడ్డ బరువు కొంత తగ్గడం, రెండు వారాలకల్లా మళ్ళీ పుట్టినప్పటి బరువుకు రావడం సాధారణం. సీసా పట్టిన కొద్దీ బిడ్డ రొమ్ము పట్టడం తగ్గుతుంది, ఆ మేరకు పాలూ తగ్గుతాయి. అంటే "పాలు చాలవు" అన్న మాట తన సాక్ష్యాన్ని తానే పుట్టించుకుంటుంది! నిజంగానే పాలు చాలని తల్లులున్నారు, డబ్బాపాలే ఆధారమైన బిడ్డలున్నారు. వారిని నేను తప్పు పట్టడం లేదు. కానీ ఆ సంగతి తేల్చవలసింది బిడ్డ బరువూ, తడిసిన గుడ్డల లెక్కా, వైద్యుల పరీక్షా. గుమ్మంలో నిలబడి చూసిన చూపు కాదు.

తక్కిన సలహాల సంగతి చెప్పనే అక్కరలేదు. మంచినీళ్ళు బాగా త్రాగమని ఒకరు, నీళ్ళు త్రాగితే పొట్ట జారుతుందని ఒకరు. వెల్లుల్లి కారం తప్ప మరేదీ ముట్టవద్దని ఒకరు, సొరచేప తింటే పాలు పొంగుతాయని మరొకరు (మా ఇంట్లో ఎవరూ చేప తినరని ఆవిడకు తెలుసు). నాలుకకు తేనె రాస్తానంటే వద్దన్నాను. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదనీ, దానివల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చుననీ వైద్యులు చెప్పిన మాటే చెప్పాను. "చదువుకున్న పొగరు" అన్నారు.

ఇక ఆ ఓర్చుకోవడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పులలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్ కాన్పులలో 42.4 శాతం సిజేరియన్లు. ఇంతమంది ఆడవారికి ఒక్కసారిగా ఓర్పు నశించిందంటారా? ఆసుపత్రివారిని అడగము. పంచాంగం చూసి ముహూర్తం పెట్టించిన మామగారిని అడగము. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న మనిషినే అడుగుతాము.

పురిటి తరువాత వచ్చే మనోవ్యాకులతను గుర్తించడానికి 1987లో ఎడింబరో కొలమానం అని పది ప్రశ్నల పట్టిక ఒకటి తయారయింది. మీరు ఏడుస్తున్నారా, నిద్ర పడుతోందా, ఏదైనా తేడా వస్తే కారణం లేకుండా మిమ్మల్ని మీరే నిందించుకుంటున్నారా, ఇటువంటివి అడుగుతారందులో. నన్నెవరూ అడగలేదు. నేను స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. బాలింత ఏడిస్తే పాలు విరుగుతాయని అదొక సలహా ఉంది కదా.

పెద్దలందరినీ ఒక గాటన కట్టి నిందించలేను. మా మేనత్త ఒకరోజు వచ్చి, తడి గుడ్డలన్నీ ఉతికి ఆరవేసి, పాపను ఒళ్ళోకి తీసుకుని, "రెండు గంటలు పడుకోవే, ఏడిస్తే లేపుతాను" అన్నది. నాలుగు గంటల వరకూ లేపలేదు.

బారసాలలో ఇంటికి బయలుదేరుతూ ఆ అమ్మాయి దగ్గరకు వెళ్ళాను. ఆమెకు కూడా భోజనం ఇంకా పెట్టలేదు. ఏమీ అనకూడదనే అనుకున్నాను. నోరూరుకోక, "పాలు చాలవని ఎవరన్నా నమ్మకమ్మా, బిడ్డను రొమ్ముకు తరచుగా పట్టు" అన్నాను.

"అలాగే పిన్నిగారూ" అంది, అదే నవ్వుతో.