ఇంటిపేరు తలుపు తీస్తుంది, కుర్చీ వేయదు

2025 అక్టోబరులో సనాయె తకాయిచి జపాన్ తొలి మహిళా ప్రధాని అయ్యారు. హేస్‌లోని మా ఇంట్లో టీవీ చూస్తూ మా అమ్మాయి అడిగింది: ‘ఈవిడ ఎవరమ్మాయి నాన్నా?’ మేం మాట్లాడుకునే ఆంధ్ర, తెలంగాణ రాజకీయాలు వినీ వినీ పుట్టిన ప్రశ్న అది. తకాయిచిది రాజకీయ కుటుంబం కాదు. తండ్రి కంపెనీ ఉద్యోగి, తల్లి పోలీసు శాఖలో పనిచేశారు. అదే జపాన్‌లో మాజీ ప్రధాని కకుయె తనాకా కుమార్తె మకికో 2001లో తొలి మహిళా విదేశాంగ మంత్రి అయ్యారు. ఏడాది తిరక్కుండానే ఆ పదవి పోయింది.

మన దగ్గరా కూతుళ్ల కథ ఇలాంటిదే. 1995లో తెలుగుదేశం పగ్గాలు ఎన్టీఆర్ నుంచి అల్లుడు చంద్రబాబు చేతికి వెళ్లాయి. కుమార్తె పురందేశ్వరి లోక్‌సభకు వెళ్లింది మాత్రం, ఏ పార్టీని ఓడించడానికి తండ్రి పార్టీ పెట్టారో ఆ కాంగ్రెస్ నుంచే. 2004లో బాపట్ల, 2009లో విశాఖ గెలిచారు, కేంద్ర మంత్రిగా పనిచేశారు. బీజేపీలో చేరాక 2014లో రాజంపేటలో, 2019లో విశాఖలో ఓడారు. 2024లో రాజమండ్రిలో గెలిచారు.

అన్న జైల్లో ఉన్నప్పుడు షర్మిల 3,000 కిలోమీటర్లకు పైగా నడిచారు. 2019లో ఆ పార్టీ అధికారంలోకి వచ్చినా ఆమెకు చట్టసభలో చోటు దక్కలేదు. సొంత పార్టీ పెట్టి, కాంగ్రెస్‌లో కలిపి, 2024లో కడపలో ఓడారు. నిజామాబాద్ మాజీ ఎంపీ కవితను 2025 సెప్టెంబరులో తండ్రి పార్టీయే సస్పెండ్ చేసింది.

ఈ ముగ్గురి రాజకీయాలపై మనలో తలా ఒక అభిప్రాయం ఉంటుంది. కానీ ఒకటి స్పష్టం. ఇంటిపేరు జనానికి పరిచయం చేస్తుంది, తొలి టికెట్టూ ఇప్పించవచ్చు. పార్టీ మాత్రం కొడుకుకో అల్లుడికో వెళ్తుంది.

ఇక ఆ ఇంటిపేరే లేని ఆడవాళ్ల సంగతి? ములుగు అడవుల నుంచి వచ్చి మంత్రి అయిన సీతక్క లాంటివాళ్లు అరుదు. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లు కేటాయిస్తూ 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ సీట్లను పార్టీలు కూతుళ్లు, కోడళ్లు, భార్యలతో నింపితే సభలో మహిళల సంఖ్య పెరుగుతుంది, కుటుంబాల సంఖ్య పెరగదు.

లండన్ వచ్చే నాయకులకు శాలువాలు కప్పేది, ఊళ్లోవాళ్లకు ఫోన్ చేసి ఓటు ఎవరికో చెప్పేది మనమే. ఈసారి వచ్చినవాళ్లను ఒక్కమాట అడుగుదాం: మీ పార్టీలో, మా అమ్మాయిలాంటి మామూలు ఇంటి ఆడపిల్లకు టికెట్ ఇస్తారా?